జలోష్ణతయు మత్స్యదేహ రసాయనమును: కృష్ణా డెల్టా జలముల దృష్ట్యా

చేప తన దేహమునకు వలసిన వేడిని తానుగా పుట్టించి నిలుపుకొనజాలదు. కండరములలో జనించిన కొద్దిపాటి వేడియు రక్తముతోబాటు మొప్పలకు చేరి, అచ్చటి పలుచని పొరను దాటి, బయటి నీటిలో కలిసిపోవును. ట్యూనా వంటి కొలది సముద్రమత్స్యములను మినహాయించినచో, తక్కిన చేపలన్నిటి దేహోష్ణతయు అవి నివసించు నీటి యుష్ణతయు దాదాపు ఒక్కటియే. అందుచేత నీరు రెండు మూడు డిగ్రీలు వేడెక్కినప్పుడు ఆ మార్పు చేప చర్మమువద్ద ఆగిపోక, దాని కాలేయమునందును, హృదయమునందును, మెదడునందును జరుగు ప్రతి రసాయనచర్యను తాకుచున్నది.

ఈ విషయమును గూర్చి లోకమున జరిగిన పరిశోధనలో అధికభాగము ట్రౌటు, సాల్మను మొదలగు శీతజల మత్స్యములను ఆధారముగా గొన్నది. తెలుగునాట అట్టి మత్స్యములు సహజముగా లేవు. అయినను విజయవాడనుండి కొల్లేరువరకు, కొల్లేరునుండి సముద్రతీరమువరకు వ్యాపించిన జలాశయములలో కోట్లకొలది చేపలు ప్రతి వేసవియందును ఆ రసాయనధర్మములకే లోబడి బ్రతుకుచున్నవి. వేడినీరు చేపను నేరుగా చంపుట అరుదు; అది దేహమునకు ప్రాణవాయువుయొక్క అవసరమును పెంచుచు, అదే సమయమున నీటియందలి ప్రాణవాయువును తగ్గించుచు, ఈ రెండింటి నడుమ మిగులు బలమును క్రమక్రమముగా హరించును. శీతజల మత్స్యమునకు 20 డిగ్రీలవద్ద ఎదురగు ఈ సంకటము డెల్టా మత్స్యమునకు 33, 34 డిగ్రీలవద్ద ఎదురగుచున్నది. అంకెలలో భేదమేగాని ధర్మమునందు భేదము లేదు. ఈ వ్యాసమునందలి ఉష్ణతలన్నియు సెంటీగ్రేడు మానమున ఈయబడినవి.

ఉష్ణతయు జీవక్రియా వేగమును

ఉష్ణత పెరిగినకొలది రసాయనచర్యల వేగము పెరుగునను సంగతిని 19వ శతాబ్ది చివరిభాగమున వాంట్ హాఫ్, అర్హీనియస్ అను శాస్త్రజ్ఞులు సూత్రబద్ధము చేసిరి. ప్రాణుల దేహములలో సాధారణముగా ఉష్ణత 10 డిగ్రీలు హెచ్చినచో చర్యల వేగము రెండు మొదలు మూడు రెట్లగును. డెన్మార్కు దేశీయుడగు ఆగస్టు క్రోగ్ 20వ శతాబ్ది ఆరంభమున ఈ సంబంధమును జలచరములయందు కొలిచి చూపెను. 24 డిగ్రీల నీటిలో నున్న చేపను 34 డిగ్రీల నీటికి అలవాటుపరచినచో, అది ఈదక, తినక, ఊరక నిలిచియున్నను, తొల్లింటికంటె రెండింతల ప్రాణవాయువును ఖర్చు చేయవలసివచ్చుట ఈ ధర్మముయొక్క ఫలితమే.

దేహమున ఇట్లు ఖర్చగు శక్తిని ఒక చర్యనుండి మరియొక చర్యకు చేరవేయు పదార్థము అడినోసిన్ ట్రైఫాస్ఫేటు. దీనినే సంగ్రహముగా ఎ.టి.పి. యందురు. దీని చరిత్రలో ఒక తెలుగువాని పేరు శాశ్వతముగా నిలిచియున్నది. 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి, దేహద్రవములలోని భాస్వరమును రంగుచే కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించి, దాని సాయముననే 1927లో కండరములందలి ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి.ని వెల్లడిచేసెను. ఆయన జన్మించిన ఆ పట్టణము చుట్టును నేడు చేపల చెరువులు, రొయ్యల చెరువులు విస్తరించియుండగా, ఆ చెరువులలోని ప్రతి ప్రాణియు వేసవిని దాటుటయు దాటలేకపోవుటయు ఆయన కనుగొన్న పదార్థములమీదనే ఆధారపడియున్నది.

చేప నెమ్మదిగా ఈదునప్పుడు ప్రాణవాయువు సాయమున ఎ.టి.పి. తయారగును. వలనుండి తప్పించుకొనుటకో, శత్రువునుండి పారిపోవుటకో ఒక్కపెట్టున దూకినప్పుడు మాత్రము తెల్లకండరములందలి ఫాస్ఫోక్రియాటిన్ ముందుగా కరగి, వెనువెంటనే గ్లైకోజన్ లాక్టిక్ ఆమ్లముగా మారును. ఇట్లేర్పడిన ప్రాణవాయు ఋణమును చేప తరువాత తీర్చుకొనవలెను. చల్లని, ప్రాణవాయువు పుష్కలముగా గల నీటిలో ఋణము తీరిపోవును. వెచ్చని నీటిలో విశ్రాంతికే అధికవ్యయ మగుచుండుటచే తీర్చుటకు మిగులు చాలదు. వేసవి మధ్యాహ్నమున వలలాగి వదలిపెట్టిన చేపలు కొన్ని గంటల తరువాత చనిపోవుటకు ప్రధానకారణ మిదియే.

ప్రాణవాయువు, రక్తము, హృదయము

నీరు వేడెక్కినకొలది దానిలో కరగగల ప్రాణవాయువు తగ్గును. సముద్రమట్టమున, గాలితో సంతృప్తమైన మంచినీటిలో లీటరుకు 0 డిగ్రీలవద్ద 14.6 మిల్లీగ్రాములు, 10 డిగ్రీలవద్ద 11.3, 20 డిగ్రీలవద్ద 9.1, 30 డిగ్రీలవద్ద 7.6, 35 డిగ్రీలవద్ద సుమారు 7 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉండును. మంచు కరగి ప్రవహించు సెలయేటి చేపకు లభించుదానిలో ఇంచుమించు సగముతోనే డెల్టా చెరువులోని చేప వేసవిని గడపవలెను. అదియు నీరు సంతృప్తముగా నున్నప్పటి మాట.

నీటిలోని వాయువు మొప్పలద్వారా రక్తమునకు చేరిన పిమ్మట హీమోగ్లోబిన్ దానిని పట్టుకొనును. ఈ పట్టుకొనుచర్య వేడిని వెడలించునట్టిది గావున ఉష్ణత పెరిగినచో దాని పట్టు సడలును. రక్తము ఆమ్లస్వభావమునకు ఒరిగినను పట్టు సడలును. దీనిని బోర్ ప్రభావ మందురు. చాల చేపలలో ఆమ్లత మితిమీరినచో, చుట్టును వాయువు ఎంతయున్నను హీమోగ్లోబిన్ పూర్తిగా నిండజాలదు; ఇది రూట్ ప్రభావము. వెచ్చని నీటిలో కండరములు లాక్టిక్ ఆమ్లమును విడుచుటచే ఈ ప్రభావములన్నియు ఒక్కుమ్మడిగా పైబడును. వీటికి చేప దేహము ప్రతిక్రియలు లేక ఊరకుండదు. ఎర్రకణములలోని ఎ.టి.పి., జి.టి.పి. అను ఫాస్ఫేట్లను తగ్గించి హీమోగ్లోబిన్ పట్టును మరల బిగించుకొనును. అడ్రినలిన్ జాతి హార్మోనులు పెక్కు జాతులందు ఎర్రకణములనుండి ఉదజని అయానులను వెలికి నెట్టించి, రక్తము ఆమ్లమైనను కణాంతర్భాగము ఆమ్లము గాకుండ కాపాడును. ప్లీహమునుండి నిలువయున్న ఎర్రకణములు రక్తములోనికి వచ్చును.

అన్నిటికంటె సున్నితమైనది హృదయము. చేప హృదయములోని స్పంజివంటి కండరమునకు ప్రాణవాయువు నిచ్చునది, దేహమంతయు తిరిగి, తన వాయువును చాలవరకు ఖర్చుచేసికొని వచ్చిన సిరారక్తము. సాల్మను వంటి చురుకైన జాతులకు హృదయధమనులు కొంత సాయపడును గాని అవియు అంతటను చాలవు. వేడిలో దేహకండరములు ఉన్న వాయువునంతయు పీల్చివేసినప్పుడు హృదయమునకు మిగులునది స్వల్పము. మొదట వేగముగా కొట్టుకొనిన గుండె ఒక హద్దు దాటగానే లయతప్పి మందగించును. ప్రాణాంతకమైన ఉష్ణతకు రెండు మూడు డిగ్రీల ముందుగనే ఈ స్థితి ఏర్పడును.

మంచినీటి చేపకు మరియొక చిక్కు కలదు. దాని రక్తమున ఉప్పు అధికము, చుట్టునున్న నీటిలో స్వల్పము. ప్రాణవాయువుకొరకు మొప్పల రెక్కలలో రక్తప్రసారమును పెంచినకొలది సోడియము, క్లోరైడు అయానులు వెలికి జారుచుండును. వాటిని మరల లోనికి తెచ్చుటకు ఎ.టి.పి. వ్యయము కావలెను. చేపపిల్లలను దూరము తరలించునప్పుడు నీటిలో కొద్దిగా ఉప్పు కలుపు ఆచారము ఈ నష్టమును తగ్గించుటకే ఉపకరించుచున్నది.

కణపొరలు, ఎంజైములు, రక్షక మాంసకృత్తులు

ప్రతి కణమును ఆవరించిన పొర కొవ్వు ఆమ్లములతో కూడిన ఫాస్ఫోలిపిడ్ల కూర్పు. నేయి చలికి పేరుకొని ఎండకు కరగునట్లే, ఈ పొరయు చలిలో గట్టిపడి, వేడిలో మితిమీరి పలుచబడును. రెండు స్థితులయందును నాడులలో సందేశములు, అయానుల రాకపోకలు చెడిపోవును. కావున చల్లని నీటిలో నివసించు చేప తన పొరలలో అసంతృప్త కొవ్వు ఆమ్లములను అధికముగా చేర్చి వాటి మెత్తదనమును కాపాడుకొనును. నీరు వెచ్చబడినచో సంతృప్త ఆమ్లములను, కొలెస్టరాలును పెంచి గట్టిదనము తెచ్చుకొనును. సాధారణ గండె (కామన్ కార్ప్) జాతి చేపను 30 డిగ్రీలనుండి 10 డిగ్రీలకు క్రమముగా దింపినప్పుడు దాని కాలేయమున ఈ అసంతృప్త బంధములను కల్పించు డీసాచురేజ్ అను ఎంజైము కొలది దినములలోనే పెక్కురెట్లు పెరుగుటను 1996లో బ్రిటిషు శాస్త్రజ్ఞులు నిరూపించిరి. ఆ జాతి చేపయే ఋతువునుబట్టి కండరములందలి మయోసిన్ అను మాంసకృత్తును సైతము వేరువేరు రూపములలో తయారుచేసికొనగలదు.

ఈ సవరణలకు దినములు, వారములు పట్టును. నెమ్మదిగా వచ్చు వేసవిని చేప తన పొరలను మార్చుకొని ఎదుర్కొనగలదు. ఒక్క మధ్యాహ్నమున వచ్చు వేడిని అట్లు ఎదుర్కొనలేదు. అట్టి సమయమున తోడ్పడునవి ఉష్ణాఘాత మాంసకృత్తులు. వీటి జాడను 1962లో ఇటలీ శాస్త్రజ్ఞుడు రిటోసా ఈగజాతి క్రిమియందు మొదట గుర్తించెను. వేడికి మడతలు విడి చెడిపోనున్న ఇతర మాంసకృత్తులను ఇవి పట్టుకొని, మరల సరియైన ఆకృతికి తెచ్చును. అయితే ప్రతి మడతకును ఎ.టి.పి. వ్యయము తప్పదు. ఎదుగుదలకు వినియోగము కావలసిన శక్తి ఇట్లు మరమ్మతునకు పోవుటచే, వేసవిలో మేత తినియు చేప బరువు పెరుగకపోవుట సంభవించును.

రక్తముయొక్క పి.హెచ్. సైతము స్థిరముగా నుండదు. ఉష్ణత ఒక్కొక్క డిగ్రీ పెరిగినకొలది చేప రక్తపు పి.హెచ్. సుమారు 0.015 మొదలు 0.02 వరకు తగ్గును. మాంసకృత్తులలోని హిస్టిడిన్ అను భాగముయొక్క విద్యుదావేశము ఏ ఉష్ణతయందైనను ఒకే తీరున నిలిచి, ఎంజైములు తమ ఆకృతిని కోల్పోకుండుటకు ఈ తగ్గుదల తోడ్పడునని 1972లో రీవ్స్ ప్రతిపాదించెను. ఇది రోగలక్షణము గాక సహజమైన సర్దుబాటే. కాని దీనిపై లాక్టిక్ ఆమ్లమును చేరినప్పుడు మాత్రము అపాయమగును.

శీతజల మత్స్యములు

శీతజల మత్స్యములలో పరాకాష్ఠ దక్షిణధ్రువ సముద్రమునందు కానవచ్చును. సుమారు మైనస్ 1.9 డిగ్రీలవద్ద జీవించు అచ్చటి చేపల రక్తమున మంచుస్ఫటికములు పెరుగకుండ ఆపు గ్లైకోప్రోటీనులు కలవు. వానిలో ఒక కుటుంబమునకు హీమోగ్లోబినే లేదు. రక్తము తెల్లగా నుండును. ఈ సంగతిని 1954లో నార్వే శాస్త్రజ్ఞుడు రూడ్ ప్రకటించెను. అంతటి చల్లని నీటిలో ప్రాణవాయువు పుష్కలముగా కరగియుండుటయు, జీవక్రియ మందముగా నుండుటయు ఈ వింతను సాధ్యము చేసినవి. ట్రెమటోమస్ అను ధ్రువమత్స్యము 6 డిగ్రీల నీటిలోనే ప్రాణము విడుచును. దానికి వేడి తగిలినప్పుడు ఉష్ణాఘాత మాంసకృత్తులను హెచ్చించుకొను శక్తియు లేదు. తరతరములుగా అవసరపడని శక్తి నశించినదన్నమాట.

ట్రౌటు, సాల్మనులు ఇంత సున్నితములు గావు. ఇంద్రధనుస్సు ట్రౌటు 12 మొదలు 16 డిగ్రీలవరకు గల నీటిలో చక్కగా ఎదుగును. 20 దాటినచో మేత తగ్గించును. 25 ప్రాంతమున ప్రాణాపాయము. కెనడా దేశపు టొరాంటో విశ్వవిద్యాలయమున ఫ్రై అను శాస్త్రజ్ఞుడు 1947లో ఒక ముఖ్యభావమును ప్రకటించెను: చేప గరిష్ఠముగా వినియోగించుకొనగల ప్రాణవాయువునుండి విశ్రాంతికి కావలసినదానిని తీసివేయగా మిగిలినదే అది ఈదుటకు, తినుటకు, గ్రుడ్లు పెట్టుటకు గల అవకాశము. ఒకానొక ఉష్ణతవద్ద ఈ మిగులు అత్యధికము. ఆ తరువాత గరిష్ఠము నిలిచిపోగా విశ్రాంతివ్యయము మాత్రము పెరుగుచుండుటచే, మిగులు క్షీణించి శూన్యమగును. ఫ్రేజరు నదిని ఎదురీదు సాకై సాల్మనులలో దూరప్రయాణము చేయు తెగలకు ఈ మిగులు అధికముగా నుండుటను 2011లో వెలువడిన పరిశోధన తెలిపినది. ఏ తెగ ఏ నీటికి అలవాటుపడినదో ఆ నీటి వేడికే దాని హృదయము సరిపోవును.

భారతదేశమున ట్రౌటులు స్వదేశీయములు గావు. ఆంగ్లేయుల కాలమున కాశ్మీరమునకును, నీలగిరులకును తేబడినవి. నీలగిరులలో అవలాంచివద్ద 20వ శతాబ్ది ఆరంభమున ట్రౌటు పిల్లల ఉత్పత్తికేంద్రము ఏర్పడినది. హిమాలయ నదులలో స్కిజోథొరాక్స్ జాతులు స్వదేశీ శీతజల మత్స్యములు. వీనిని గూర్చిన పరిశోధన ఉత్తరాఖండమునందలి భీమతాలులోని జాతీయసంస్థలో జరుగుచున్నది.

డెల్టా జలముల ఉష్ణస్థితి

విజయవాడవద్ద కృష్ణపై 1852–55 నడుమ కట్టబడిన ఆనకట్టయు, అది 1952లో గండిపడిన తరువాత 1957లో సిద్ధమైన ప్రకాశం బ్యారేజీయు డెల్టా జలజీవనమును రూపొందించినవి. బందరు కాలువ, రైవస్ కాలువ, ఏలూరు కాలువల నీరు వరిపొలములనుండి చేపల చెరువులవరకు పారుచున్నది. కృష్ణా, గోదావరీ డెల్టాల నడుమ పల్లమున కొల్లేరు కలదు. బుడమేరు, తమ్మిలేరులు దానిలో కలియగా, ఉప్పుటేరు దానిని సముద్రమునకు చేర్చును. 1999లో వన్యప్రాణి అభయారణ్యముగాను, 2002లో రామ్‌సార్ స్థలముగాను గుర్తింపబడిన ఈ సరస్సు చుట్టును కైకలూరు, మండవల్లి, ఆకివీడు ప్రాంతములు దేశమునకే మంచినీటి చేపల భాండాగారములుగా ప్రసిద్ధికెక్కినవి.

ఈ చెరువులలోని నీటి ఉష్ణత శీతకాలమున 22–25 డిగ్రీల ప్రాంతమునను, వేసవిలో 32–35 డిగ్రీల ప్రాంతమునను ఉండుట సాధారణము. చెరువుల లోతు అయిదారడుగులకు మించకుండుటచే పగటివేడి నీటినంతటిని వేగముగా తాకును. వేసవిలో కాలువలు కట్టివేయుదురు. ఎండలు ముదిరి క్రొత్తనీరు మిక్కిలి అవసరమగు వేళకే నీటిరాక ఆగిపోవుట, ఉన్న నీరు ఆవిరియై లవణములు, మేత వ్యర్థములు చిక్కబడుట డెల్టా చేపలకు విశేషమైన కష్టము. రోహిణి కార్తె గడచి మృగశిర ప్రవేశించి తొలకరి పడువరకు ఈ బిగింపు సడలదు.

ఉష్ణజలము మనుష్యకృతముగా నదిలో చేరు చోటును విజయవాడకు సమీపముననే కలదు. ఇబ్రహీంపట్నమున 1979లో ఉత్పత్తి ఆరంభించి, తరువాత నార్ల తాతారావు పేరు వహించిన తాపవిద్యుత్కేంద్రము బ్యారేజీకి ఎగువనున్న కృష్ణాజలముతో తన యంత్రములను చల్లబరచుకొని, వెచ్చబడిన నీటిని కాలువద్వారా వెలువరించును. ఇట్టి చోటులను గూర్చి ఇతరదేశముల అనుభవము ఒకటి స్పష్టముగా నున్నది: శీతకాలమున చేపలు వెచ్చని నీటిచెంత గుమిగూడును, వేసవిలో దూరముగా తొలగిపోవును. తొలగుటకు చోటుగల నదిలో చేపకు వరణస్వాతంత్ర్యము కలదు. గట్లు కట్టిన చెరువులో అది లేదు.

వేసవి చెరువులో ఒక దినము

కొల్లేటి చెరువులలో ప్రధానముగా శీలావతి యనబడు రోహును, దానితో కొంత బొచ్చెను పెంచుదురు. ఇవి శీతజల మత్స్యములు గావు. 26 మొదలు 32 డిగ్రీలవరకు వీనికి మేలైన ఉష్ణత. క్రమముగా అలవాటుపరచినచో 40 డిగ్రీలు దాటిన వేడిని సైతము కొద్దిసేపు సహించునని ప్రయోగశాలలో తేలినది. ప్రయోగశాలతొట్టిలో ప్రాణవాయువును నిరంతరము ఊదుచుందురు గావున, ఆ సంఖ్యను చూచి చెరువులోని చేపకు భయము లేదనుకొనుట సరిగాదు.

ఉదయమున తవుడు, నూనెచెక్క నింపి, అడుగున రంధ్రములు చేసిన గోతాలను వెదురుకర్రలకు వరుసగా వ్రేలాడగట్టుదురు. శీలావతులు మూతితో గోతమును పొడిచి మేతను లాగుకొనును. మేత జీర్ణమగుటకే చేప తన విశ్రాంతివ్యయమునకు మించిన ప్రాణవాయువును కొన్ని గంటలపాటు ఖర్చు చేయవలెను. అనుభవజ్ఞుడగు రైతు సాయంత్రము గోతాలను పైకెత్తి చూచును. మేత మిగిలియున్నచో చేపకు బాధ మొదలైనదని గ్రహించి మరునాడు తగ్గించును. ప్రయోగశాల పరికరమేదియు లేకయే, ఫ్రై చెప్పిన మిగులు తరుగుచున్నదని అతడు గుర్తించుచున్నాడు.

మధ్యాహ్నమున పచ్చని పాచికణములు సూర్యకాంతిలో ప్రాణవాయువును విరివిగా విడుచును. పైనీటిలో అది సంతృప్తిని మించవచ్చును. అయితే అవి బొగ్గుపులుసుగాలిని గ్రహించుటచే నీటి పి.హెచ్. 9 వరకు లేచును. అప్పుడు అమ్మోనియా విషము పైకి వచ్చును. చేప మాంసకృత్తులను జీర్ణించుకొని, మిగిలిన నత్రజనిని మొప్పలద్వారా అమ్మోనియాగా విడుచును. నీటిలో ఇది రెండు రూపముల నుండును: అయానురూపము అంతగా హానికరము గాదు, అయానుగాని రూపము మొప్పలను సులభముగా దాటి మెదడును దెబ్బతీయును. పి.హెచ్. 8 గల నీటిలో 20 డిగ్రీలవద్ద విషరూపము సుమారు 4 శాతము. 30 డిగ్రీలవద్ద 7.5 శాతము. పి.హెచ్. 9 అయినచో 30 డిగ్రీలవద్ద 45 శాతమునకు చేరును. వేడి ఒకవైపు అమ్మోనియా ఉత్పత్తిని పెంచుచు, మరియొకవైపు ఉన్నదానిని విషరూపమునకు ఒరిగించుచు, రెండువిధముల హానిచేయుచున్నది.

రాత్రి పరిస్థితి తలక్రిందులగును. పాచి, చేపలు, అడుగు బురదలోని సూక్ష్మజీవులు అన్నియు ప్రాణవాయువునే పీల్చును. వెచ్చని నీటిలో అన్నిటి వేగమును హెచ్చే. తెల్లవారుజామున మూడు నాలుగు గంటలవేళ ప్రాణవాయువు లీటరుకు రెండు మిల్లీగ్రాములకు దిగినచో చేపలు పైకి తేలి, గాలిని తాకు నీటిపొరను నోటితో త్రాగుచుండును. గట్టుమీది కాపలావాడు టార్చిదీపము వేసి చూచి ‘చేపలు తేలుతున్నాయి’ అని కేకవేయును. ఏరియేటర్లు త్రిప్పుట, ఇంజనుతో నీటిని తోడి అదే చెరువులోనికి చిమ్ముట, ఆక్సిజను బిళ్లలు చల్లుట వెంటవెంటనే జరుగును. మబ్బుపట్టిన దినమునకు తరువాతి వేకువ మిక్కిలి ప్రమాదకరము, ఏలయన పగలు పాచి వాయువును కూడబెట్టియుండదు. హఠాత్తుగా కురిసిన తొలివాన పైనీటిని చల్లబరచి, అడుగునీటిని పైకి త్రిప్పి, బురదవాయువులను కలుపుటయు కలదు.

గాలి పీల్చు చేపలు

ఇదే చెరువులో కొర్రమీనుకు, మట్టగిడసకు, మార్పుకు, ఇంగిలాయికి అంతటి ఆపద లేదు. ఇవి నీటిపైకి వచ్చి గాలిని మ్రింగి, ప్రత్యేకావయవములద్వారా ప్రాణవాయువును రక్తమునకు చేర్చుకొనును. నీటిలో ఎంత తక్కువయున్నను వీని కొరత తీరును. ఇంగిలాయికి మరియొక విశేషము: చుట్టును అమ్మోనియా హెచ్చినప్పుడు దానిని యూరియాగా మార్చి అపాయమును తప్పించుకొనగలదు. ఎండిపోవు గుంటలలో బురదనడుమ వేసవిని గడపిన పూర్వీకులనుండి వీనికి ఈ రసాయనసంపద వచ్చినది. ఇది వేడిని గెలిచిన తీరుకంటె, వేడివలని ప్రాణవాయులోపమును గెలిచిన తీరనుట సమంజసము. ఈ భేదమును శీలావతికిని కొర్రమీనుకును గల పోలికయే ఋజువుచేయుచున్నది.

ఒత్తిడి, వ్యాధి, సంతానము

వేడి, వాయులోపము, వలలాగుడు వీనిలో ఏది తగిలినను చేప మూత్రపిండపు ముందుభాగమునుండి కార్టిజాల్ అను హార్మోను రక్తమున చేరును. అది గ్లూకోజును పెంచి తాత్కాలికముగా బలమిచ్చును. దినములతరబడి నిలిచినచో తెల్లకణములను తగ్గించి, రోగనిరోధమును కృశింపజేయును. సరిగా ఆ వేళకే ఏరోమోనాస్ వంటి సూక్ష్మజీవులును, రైతులు పేనని పిలుచు ఆర్గులస్ అను పరాన్నజీవియు వేడికి త్వరగా వృద్ధిపొందును. చలికాలమున వ్యాపించు పుండ్లతెగులు మాత్రము నీరు చల్లబడి నిరోధశక్తి మందగించినప్పుడు శిలీంధ్రమును బోలిన సూక్ష్మజీవివలన వచ్చు రోగము. కావున డెల్టా చేపకు రెండు అంచులయందును అపాయము కలదు.

శీతజల మత్స్యములకు వేడి సంతానవిరోధి: ఆడుసాల్మనులలో ఈస్ట్రడయాల్ తగ్గి, గ్రుడ్డు సొనకు మూలమగు విటెల్లోజెనిన్ కాలేయమున తగినంత తయారుగాక, గ్రుడ్లు బలహీనమగును. డెల్టా గండెజాతి చేపలకు మితమైన వెచ్చదనము అనుకూలమే. తొలకరి వరదలో ఇవి గ్రుడ్లు పెట్టును. 1957లో ఒడిశాలోని అంగుల్‌వద్ద హీరాలాల్ చౌధురి పీయూషగ్రంథి రసమును ఎక్కించి వీనిచే చెరువులోనే గ్రుడ్లు పెట్టించిన నాటినుండియే నేటి పిల్లల ఉత్పత్తికేంద్రముల చరిత్ర ప్రారంభమైనది. అయినను పొదుగు నీరు మితిమీరి వేడెక్కినచో పిండములు వికృతమగును.

మరణానంతర రసాయనము

చేప చనిపోయిన పిదపను ఉష్ణతయొక్క అధికారము తొలగదు. కండరములోని ఎ.టి.పి. విచ్ఛిన్నమై ఐనొసిన్ మోనోఫాస్ఫేటుగా మారును. మాంసపు కమ్మని రుచికి మూలమిది. అదియు విరిగి హైపోజాంథైనుగా మారినప్పుడు చేదు పుట్టును. ఈ విభజనక్రమమును కొలిచి తాజాదనమును నిర్ణయించు పద్ధతిని 1959లో జపాను శాస్త్రజ్ఞులు రూపొందించిరి. వేడినీటిలో పెనుగులాడి చచ్చిన చేపకు ఎ.టి.పి. ముందుగనే తరిగిపోయియుండును, అది త్వరగా బిగుసుకొని త్వరగా మెత్తబడును. అందువలననే చల్లని వేకువలో పట్టి, వెంటనే మంచులో పెట్టుట మేలు.

ఇచ్చట డెల్టా చేపకు ఒక లాభమును కలదు. చల్లని సముద్రములనుండి పట్టిన చేపలకంటె ఉష్ణమండలపు చేపలు మంచులో అధికకాలము నిలువయుండును. శీతజలపు చేపపైనుండు సూక్ష్మజీవులు చలికి అలవాటుపడినవి. శీలావతిపైనుండునవి వెచ్చదనమునకు అలవాటుపడి, మంచులో మందగించును. కైకలూరునుండి లారీలలో మంచుతో బయలుదేరిన చేప హౌరాకు, అస్సామునకు చెడక చేరుటలో ఈ రసాయనాంశము పాత్రను తక్కువగా నెంచరాదు.

పరిశోధనయు కర్తవ్యమును

విజయవాడ శివారున పెనమలూరు ప్రాంతమునందలి మంచినీటి మత్స్యపరిశోధనా ప్రాంతీయకేంద్రమును, ఉండియందలి మత్స్యపరిశోధనా స్థానమును, కాకినాడయందలి కేంద్ర మత్స్యవిద్యాసంస్థ శాఖయు డెల్టా మత్స్యములకు సేవచేయుచున్నవి. ఈ ప్రాంతపు రైతులకు శాస్త్రమునుండి లభింపదగిన ఉపదేశము సంక్షిప్తము. వేసవికి ముందే చెరువుయొక్క లోతును పెంచుట, ఎండ ముదిరినప్పుడు మేతను తగ్గించి, మాంసకృత్తుల మోతాదును అదుపులో నుంచుట, చేపల సాంద్రతను చైత్రమునకు ముందే పలుచన చేయుట, పట్టుబడిని, పిల్లల తరలింపును వేకువవేళకు పరిమితము చేయుట, మధ్యాహ్నము పి.హెచ్.ను, వేకువ ప్రాణవాయువును తప్పక కొలుచుట. కాలువలను కట్టివేయు కాలమును నిర్ణయించు అధికారులు వరితోబాటు చేపల అవసరమును లెక్కించుట సైతము ఇందులో భాగమే.

ఉష్ణమండలపు చేపలకు వేడి ఏమిచేయునను నిర్లక్ష్యభావము పండితులలోను పామరులలోను చిరకాలముగా నున్నది. పైన వివరించిన రసాయనధర్మము దానిని ఖండించుచున్నది. హిమాలయపు ట్రౌటు ప్రస్తుతము నివసించు నీటికిని దానికి హానికరమగు నీటికిని నడుమ పెక్కు డిగ్రీల దూరము కలదు. కొల్లేటి శీలావతి వేసవి వేకువలందు తన హద్దునకు అతిసమీపముననే నిలిచియున్నది. శీతజల మత్స్యములకు ప్రపంచశాస్త్రము ఇచ్చిన శ్రద్ధను డెల్టా మత్స్యములకును ఇచ్చి, నీటి ఉష్ణతను మాత్రమేగాక రక్తపు ప్రాణవాయువును, లాక్టిక్ ఆమ్లమును, కార్టిజాలును ఈ చెరువులలోనే ఋతువువెంట ఋతువు కొలిచి నమోదు చేయవలసియున్నది. లక్షలాది కుటుంబముల జీవనము ఆధారపడిన ఈ చేపల బలమెంతయో, మిగులెంతయో తెలిసికొనుట, రానున్న దశాబ్దములలో మన నీరు ఇంకను వెచ్చబడనున్న వేళ, డెల్టా విజ్ఞానమునకు ప్రథమకర్తవ్యము.